హంతకుడి ముఖం ఎలా ఉంటుంది? – ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ చిత్ర విమర్శ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నేర పరిశోధన చిత్రాల సాధారణ లక్షణాలను గుర్తించగలుగుతారు.
• ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ చిత్రం ఆ లక్షణాలను ఎక్కడ పాటించిందో, ఎక్కడ పక్కనపెట్టిందో వివరించగలుగుతారు.
• చిత్రంలోని కథకూ, ఆ కథ జరిగిన కాలానికీ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.
• ప్రేక్షకులుగా మీ స్పందనను మీరే పరీక్షించుకోగలుగుతారు.

1. పరిచయం

నేర పరిశోధన చిత్రం నడిచే తీరు మీకు తెలిసిందే. మొదటి పది నిమిషాల్లో ఒక హత్య జరుగుతుంది. అదే పద్ధతిలో మరో రెండు జరుగుతాయి. ఒక డిటెక్టివ్ రంగంలోకి దిగుతాడు. అతనికి కంటినిండా నిద్ర ఉండదు, పై అధికారులతో పొత్తు కుదరదు. ఒక్కొక్క ఆధారమూ దొరుకుతూ, చివరికి హంతకుడు చిక్కుతాడు, లేదా చస్తాడు. 2019లో వచ్చిన ‘రాక్షసుడు’ను మీలో చాలామంది చూసి ఉంటారు. అంతకు ముందు ఏడాది తమిళంలో వచ్చిన ‘రాట్ససన్’కు అది పునర్నిర్మాణం. అందులో హంతకుడు ఎవరో తెలియడమే కాదు, అతను అలా ఎందుకు తయారయ్యాడో చెప్పే బాల్యకథ కూడా ఉంది. హాలు నుంచి బయటికి వచ్చేటప్పుడు ప్రేక్షకుడి మనసులో సందేహం మిగలదు.

హంతకుడు దొరకకపోతే ఏమవుతుంది? అలాంటి చిత్రాన్ని రెండు గంటలకు పైగా ఎందుకు చూడాలి? ఈ ప్రశ్నకు జవాబుగా దక్షిణ కొరియా చిత్రం ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ను చదువుదాం. ఇది 2003లో విడుదలైంది. దర్శకుడు బాంగ్ జూన్-హో. ఇది ఆయన రెండో చిత్రం. తరువాతి కాలంలో ‘పారసైట్’ చిత్రానికి 2019లో కాన్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారం, 2020లో నాలుగు ఆస్కార్ పురస్కారాలు అందుకున్నది ఈయనే.

పేర్ల విషయంలో ఒక మాట. కొరియన్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఈ చిత్రంలో పార్క్ అనే ఇంటిపేరు ఒక డిటెక్టివ్‌కూ ఉంది, ఒక అనుమానితుడికీ ఉంది. గందరగోళం రాకుండా ఈ పాఠంలో పాత్రలను సొంత పేర్లతోనే ప్రస్తావిస్తాను.

2. కథకు ఆధారం

దక్షిణ కొరియా రాజధాని సోల్‌కు దక్షిణాన, గ్యోంగీ రాష్ట్రంలో హ్వాసోంగ్ అనే ప్రాంతం ఉంది. అప్పట్లో అది వరిపొలాల పల్లెసీమ. 1986 నుంచి 1991 వరకు అక్కడ పదిమంది స్త్రీలు హత్యకు గురయ్యారు. వారిలో పాఠశాల విద్యార్థినుల నుంచి వృద్ధురాలి వరకు ఉన్నారు. పోలీసులు 20 వేల మందికి పైగా విచారించారు. అయినా ఆ వరుస హత్యలు చేసినవాడు దొరకలేదు. ఈ ఘటనల ఆధారంగా కిమ్ క్వాంగ్-లిమ్ రాసిన నాటకం 1996లో ప్రదర్శితమైంది. చిత్రానికి మూలం ఆ నాటకమే. చిత్రం తీసేనాటికి కేసు తెరిచే ఉంది. అంటే, ప్రేక్షకులకు ముగింపు ముందే తెలుసు. దర్శకుడి ముందున్న సవాలు ఏమిటో దీన్నిబట్టి ఊహించండి.

3. కథాసంగ్రహం

1986 అక్టోబరు. పండిన వరిచేల మధ్య ఒక కాలువ తూములో యువతి శవం కనిపిస్తుంది. స్థానిక డిటెక్టివ్ డూ-మాన్ (సోంగ్ కాంగ్-హో) విచారణ మొదలుపెడతాడు. మనిషి కళ్లలోకి చూస్తే నేరస్థుడో కాదో తనకు తెలిసిపోతుందని అతని నమ్మకం. అతని సహచరుడు యోంగ్-గూ, అనుమానితులను బూటుకాలితో తన్నడంలో దిట్ట. సోల్ నుంచి టే-యూన్ (కిమ్ సాంగ్-క్యుంగ్) అనే మరో డిటెక్టివ్ తానే కోరి వస్తాడు. అతని నమ్మకం కాగితాలమీద. రికార్డులు అబద్ధం చెప్పవని పదేపదే అంటాడు.

మొదట బుద్ధిమాంద్యం ఉన్న క్వాంగ్-హో అనే యువకుణ్ని పట్టుకొని, కొట్టి, నేరం ఒప్పిస్తారు. అది నిలబడదు. తరువాత ఒక కార్మికుణ్ని పట్టుకుంటారు. అదీ నిలబడదు. వర్షం కురిసే రాత్రుల్లో రేడియోలో ఒకే పాట వినిపిస్తోందని, ఆ రాత్రులే హత్యలు జరుగుతున్నాయని క్వీ-ఓక్ అనే మహిళా పోలీసు గమనిస్తుంది. ఆ పాట కోరుతూ ఉత్తరం రాసిన హ్యోన్-గ్యూ అనే ఫ్యాక్టరీ గుమాస్తా మూడో అనుమానితుడు. అన్నీ అతనివైపే చూపిస్తాయి. కానీ అమెరికాకు పంపిన డీఎన్ఏ పరీక్ష ఫలితం అతనే నేరస్థుడని తేల్చదు. అతను వెళ్లిపోతాడు. 2003లో, ఉద్యోగం మానేసి వ్యాపారం చేసుకుంటున్న డూ-మాన్ మళ్లీ ఆ తూము దగ్గరికి వస్తాడు. చిత్రం అక్కడ ముగుస్తుంది.

4. కన్ను, కాగితం: ఇద్దరు డిటెక్టివ్‌లు

పల్లెటూరి మొరటు పోలీసు, పట్నం నుంచి వచ్చిన చదువుకున్న పోలీసు – ఈ జంట మనకు కొత్త కాదు. మామూలు చిత్రంలో అయితే చదువుకున్నవాడి పద్ధతి గెలుస్తుంది, మొరటువాడు అతని దగ్గర నేర్చుకుంటాడు. బాంగ్ ఈ దారిలో కొంతదూరమే నడిచాడు.

చిత్రం ప్రారంభంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. స్టేషన్‌లో ఇద్దరు యువకులు పక్కపక్కన కూర్చొని వాంగ్మూలం రాస్తుంటారు. ఒకడు అత్యాచారం చేసినవాడు. రెండోవాడు అతణ్ని పట్టి తెచ్చిన బాధితురాలి అన్న. ఎవరు ఎవరో చూపుతోనే చెప్పమని డూ-మాన్‌ను పై అధికారి అడుగుతాడు. డూ-మాన్ చూస్తాడు. మనమూ చూస్తాం. జవాబు మాత్రం చిత్రం చెప్పదు. మొదటిసారి చూసేవారు దీన్ని హాస్యంగా తీసుకొని దాటిపోతారు. నిజానికి చిత్రం మొత్తానికి ఇదే తాళంచెవి. ముఖం చూసి నేరస్థుణ్ని చెప్పగలమా అన్న ప్రశ్నను దర్శకుడు డూ-మాన్‌తోపాటు మనకూ వేశాడు.

డూ-మాన్ కన్ను ఓడిపోవడం మనం ఊహించేదే. శకునం చెప్పే ఆమె దగ్గరికి వెళ్తాడు. ఘటనాస్థలంలో వెంట్రుక దొరకలేదు కాబట్టి ఒంటిమీద వెంట్రుకలు లేనివాడే హంతకుడని, స్నానశాలల్లో కాపు కాస్తాడు. మనకు నవ్వు వస్తుంది. కానీ టే-యూన్ కాగితం కూడా ఓడిపోతుందని మనం ఊహించం. మొదట్లో అతని పద్ధతి ఫలితం ఇస్తుంది. తప్పిపోయినవారి జాబితా చదివి, ఒక యువతి చనిపోయి ఉంటుందని చెప్తాడు. ఆమె శవం దొరుకుతుంది. అతనిమీద మనకు నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకాన్నే దర్శకుడు చివర్లో వాడుకుంటాడు.

ఒక పాఠశాల బాలిక వీపుమీద గాయానికి టే-యూన్ తన చేతులతో ప్లాస్టర్ అంటిస్తాడు. తరువాత వర్షంలో ఆమె శవం దగ్గర నిలబడినప్పుడు ఆ ప్లాస్టర్ కనబడుతుంది. ఆ క్షణం నుంచి అతను కాగితాల మనిషిగా ఉండడు. రైలు సొరంగం ముందు హ్యోన్-గ్యూను చావబాది తుపాకీ గురిపెడతాడు. సరిగ్గా అప్పుడే డీఎన్ఏ ఫలితం వస్తుంది. ఇన్నాళ్లూ కాగితం అబద్ధం చెప్పదన్నవాడు, ఆ కాగితమే అబద్ధమంటాడు. అటు, కళ్లు చూసి చెప్పేస్తానన్న డూ-మాన్ ఆ యువకుడి కళ్లలోకి చూసి, నాకు తెలియడం లేదంటాడు. ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. నాకు తెలియదు అని ఒప్పుకోవడం ఓటమిలా కనబడుతుంది. కానీ చిత్రమంతటిలో డూ-మాన్ పలికిన అత్యంత నిజాయితీగల మాట అదే. ఆ మాటవల్ల ఒక ప్రాణం నిలిచింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
1. డూ-మాన్, టే-యూన్‌ల నమ్మకాల మధ్య భేదం ఏమిటి?
2. సొరంగం దగ్గరి సన్నివేశంలో వారి స్థానాలు ఎలా తారుమారయ్యాయి?

5. బలవంతపు ఒప్పుకోలు

క్వాంగ్-హో ఉదంతాన్ని జాగ్రత్తగా చూడండి. అతనిచేత అడవిలో గొయ్యి తవ్విస్తారు. అది తనకోసమేనని అతను భయపడతాడు. ఆ భయంలో హత్య ఎలా జరిగిందో చెప్పుకుపోతాడు. వివరాలన్నీ సరిగ్గా సరిపోతాయి. పోలీసులకు ఇంకేం కావాలి? కానీ కాలిన గాయాలతో వేళ్లు సరిగా ఆడని అతని చేతులు ఆ ముడులు వేయలేవని టే-యూన్ గుర్తిస్తాడు. చాలా ఆలస్యంగా అసలు సంగతి బయటపడుతుంది. క్వాంగ్-హో చెప్పింది తాను చేసినది కాదు, తాను చూసినది. హంతకుణ్ని చూసిన సాక్షి మొదటినుంచీ పోలీసుల చేతుల్లోనే ఉన్నాడు. కొట్టి, భయపెట్టి అతణ్ని నిందితుణ్ని చేయడంవల్ల అతని సాక్ష్యాన్ని వారు వినలేకపోయారు. మళ్లీ అడగడానికి వెళ్లేసరికి, పోలీసులను చూసి బెదిరి పరుగెత్తిన అతను రైలు కింద పడి చనిపోతాడు.

చిత్రహింస తప్పు అని మనం సాధారణంగా నైతిక దృష్టితో చెబుతాం. ఈ చిత్రం ఇంకో మాట కూడా చెబుతోంది. చిత్రహింస పరిశోధనను చంపేస్తుంది. దెబ్బలకు ఓర్వలేనివాడు మనం వినదలచుకున్నదే చెబుతాడు. మనకు తెలియనిది చెప్పగలిగినవాడి నోరు శాశ్వతంగా మూతపడుతుంది. మన దేశపు 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయరాదన్నది ఇందుకే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే నియమం 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

యోంగ్-గూకు ఏమైందో కూడా గమనించండి. హోటల్లో జరిగిన గొడవలో తుప్పుపట్టిన మేకు అతని కాలిలో దిగుతుంది. ధనుర్వాతం సోకి కాలు తీసేస్తారు. అది అతను మనుషులను తన్నిన కాలు. దీన్ని దైవం వేసిన శిక్షగా కొందరు చదివారు. నాకు మాత్రం మరోలా అనిపిస్తుంది. ఆ గొడవకు ముందు హోటల్లోని జనం టీవీలో పోలీసు చిత్రహింసల వార్త చూస్తూ పోలీసులను ఎగతాళి చేస్తుంటారు. బయట దేశం మారుతోంది. ఆ మార్పు యోంగ్-గూకు అర్థం కాలేదు. అతను కోల్పోయింది కాలు ఒక్కటే కాదు, ఆ కాలితో బతికిన కాలాన్ని కూడా.

6. వీధిదీపాలు ఎందుకు ఆరిపోయాయి?

1980 నాటికి దక్షిణ కొరియా చున్ డూ-హ్వాన్ సైనిక పాలన కిందికి వచ్చింది. ఆ ఏడాది మే నెలలో గ్వాంగ్జు నగరంలో ప్రజల తిరుగుబాటును సైన్యం అణచివేసింది. 1987 జూన్‌లో వీధులకెక్కిన ప్రజాస్వామ్య ఉద్యమం ప్రత్యక్ష ఎన్నికలను సాధించింది. హ్వాసోంగ్ హత్యలు జరిగింది సరిగ్గా ఈ కాలంలోనే.

చిత్రంలో రాజకీయ ఉపన్యాసం ఒక్కటీ లేదు. కానీ ఒక వర్షపు రాత్రి, హత్య జరగబోతోందని తెలిసి, డిటెక్టివ్‌లు అదనపు బలగాలు కోరతారు. బలగాలన్నీ ప్రదర్శనను అణచడానికి పక్క నగరానికి వెళ్లాయన్న జవాబు వస్తుంది. మరో సన్నివేశంలో పౌర రక్షణ అభ్యాసంకోసం సైరన్ మోగుతుంది, ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆ చీకటిలో హంతకుడు తిరుగుతుంటాడు. పౌరులకు భయపడే ప్రభుత్వం పౌరులను కాపాడలేదన్న విషయాన్ని దర్శకుడు ఈ రెండు వివరాలతో చెప్పాడు. హంతకుడు చీకట్లో దాక్కున్నాడు నిజమే, ఆ చీకటిని ఏర్పరచింది మాత్రం ప్రభుత్వమే.

దృశ్యరచన కూడా ఈ భావానికి తగినట్లే ఉంది. రెండో శవం దొరికిన చోటు చూడండి. కెమెరా ఆగకుండా డూ-మాన్ వెంట తిరుగుతుంది. పిల్లలు పరుగెడుతుంటారు, జనం తొక్కుతుంటారు, అధికారులు గట్టు మీదనుంచి జారిపడుతుంటారు. ఉన్న ఒక్క పాదముద్రమీదుగా ట్రాక్టర్ వెళ్లిపోతుంది. కట్ లేకుండా చూడడంవల్ల, ఆధారం మన కళ్లముందే చెరిగిపోతుంటే ఆపలేని నిస్సహాయత మనకు కలుగుతుంది. నవ్వు వస్తూనే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది. హాస్యాన్నీ భయాన్నీ ఒకే షాట్‌లో నిలపడం ఈ దర్శకుడి ప్రత్యేకత.

7. చిత్రం పరిమితులు

మంచి చిత్రాన్ని విమర్శించడమంటే పొగడడం ఒక్కటే కాదు. ఈ చిత్రంలో స్త్రీలు ఎక్కువగా శవాలుగానో, కాబోయే శవాలుగానో కనబడతారు. వారి బతుకుల గురించి మనకు తెలిసేది తక్కువ. పాట సంగతి కనిపెట్టిన క్వీ-ఓక్‌కు స్టేషన్‌లో కాఫీ అందించే పని తప్పలేదు. ప్రాణాలతో బయటపడిన ఒక బాధితురాలి దగ్గర నుంచి వివరం రాబట్టడంలోనూ ఆమె సాయమే కావలసి వచ్చింది. హంతకుడి చేతులు మెత్తగా ఉన్నాయన్న ఆ ఒక్క వివరమే తరువాతి పరిశోధనకు ఆధారమైంది. స్త్రీల మాట విన్నప్పుడల్లా కేసు ముందుకు కదిలిందని చిత్రమే చూపిస్తోంది. అయినా కథ మళ్లీ మగవారి కోపతాపాల దగ్గరికే వెళ్లిపోతుంది. ఇది ఆ పోలీసు వ్యవస్థ లోపమని కొందరు సమర్థిస్తారు. చిత్రం లోపం కూడా అన్నది నా అభిప్రాయం. మీరు చూసి నిర్ణయించుకోండి.

8. ముగింపు చూపు – 2019 తరువాత

చివరి సన్నివేశంలో డూ-మాన్ తూములోకి తొంగిచూస్తుంటే ఒక చిన్నపాప పలకరిస్తుంది. కొన్నాళ్ల కిందట ఇంకొకాయన కూడా ఇలాగే చూశాడని, తాను ఎప్పుడో ఇక్కడ చేసిన పని గుర్తొచ్చి వచ్చానన్నాడని చెబుతుంది. ముఖం ఎలా ఉందని డూ-మాన్ అడుగుతాడు. మామూలుగానే ఉందంటుంది. అప్పుడు డూ-మాన్ నేరుగా కెమెరాలోకి చూస్తాడు. హంతకుడు ఎప్పటికైనా ఈ చిత్రం చూస్తాడని, అప్పుడు డిటెక్టివ్ కళ్లు అతని కళ్లను కలుసుకోవాలని తాను కోరుకున్నట్లు దర్శకుడు చెప్పాడు.

2006లో చివరి హత్యకు కూడా కాలపరిమితి ముగిసింది. 2019 సెప్టెంబరులో డీఎన్ఏ పరీక్షతో హంతకుడు ఎవరో తెలిసింది. మరదలి హత్య కేసులో 1994 నుంచి జైల్లో ఉన్న ఖైదీ అతను. అప్పట్లో పోలీసులు అతణ్ని విచారించారు కూడా. రక్తవర్గం సరిపోలలేదని వదిలేశారు. కాగితం అబద్ధం చెప్పింది.

ఇంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. 1988లో జరిగిన ఎనిమిదో హత్యకు ఒక యువకుడికి యావజ్జీవ శిక్ష పడింది. పోలియోతో కాలు ఈడ్చి నడిచే మనిషి. తనను నిద్రపోనివ్వకుండా హింసించి ఒప్పించారని అతను చెబుతూనే ఉన్నాడు. వెంట్రుకల పరీక్ష నివేదిక అతనికి వ్యతిరేకంగా నిలిచింది. 2009లో పెరోల్‌పై బయటికి వచ్చాడు. ఆ హత్య కూడా తానే చేశానని అసలు హంతకుడు ఒప్పుకున్నాక, 2020 డిసెంబరులో కోర్టు అతణ్ని నిర్దోషిగా ప్రకటించింది. అతని కథ ఈ చిత్రంలో లేదు. 2003లో హాళ్లలో జనం డూ-మాన్ చూపు చూస్తున్న సమయానికి ఇద్దరూ జైల్లోనే ఉన్నారు. ఒకడు తాను చేసిన వేరే హత్యకు, మరొకరు తాను చేయని హత్యకు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఈ చిత్రం మొదటిసారి చూసినప్పుడు హ్యోన్-గ్యూనే హంతకుడని నేను నమ్మాను. టే-యూన్ తుపాకీ ఎత్తినప్పుడు, పేల్చేస్తే బాగుండునని అనుకున్నాను. తరగతిలో కూడా, సాక్ష్యం చాలక తప్పించుకున్న నేరస్థుడిగానే ఆ పాత్రను చాలా ఏళ్లు వివరించాను. 2019 వార్తలు చదివాక మళ్లీ చిత్రం చూశాను. అతనికి వ్యతిరేకంగా ఉన్నవి ఏమిటని కాగితంమీద రాసుకున్నాను. ఒక పాట, మెత్తని చేతులు, ఊరికి వచ్చిన తేదీ, బెదరని చూపు. ఇంతే. ఈ నాలుగింటితో ఒక మనిషిని చంపడానికి నేను మనసులో ఒప్పుకున్నాను. సాహిత్యం, సినిమా బోధించి రిటైరైన మనిషిని నేను. డూ-మాన్‌ను చూసి నవ్విన నాకు అతనికన్నా మంచి కన్నేమీ లేదు.

హంతకుడు ఈ చిత్రాన్ని జైల్లో చూశాడట. 2020లో కోర్టులో ప్రశ్నించినప్పుడు, తనకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదన్నట్లు జవాబిచ్చాడు. దర్శకుడు ఆశించినవాడిమీద ఆ చూపు పని చేయలేదు. ఇక మిగిలింది హాల్లో కూర్చున్న మనం. మన చిత్రాల్లో పోలీసు హీరో అనుమానితుణ్ని గోడకేసి కొట్టినప్పుడు ఈలలు వేసేది మనమే. వాడు నిజంగా నేరస్థుడేనని కథారచయిత మనకు ముందే హామీ ఇచ్చి ఉంటాడు. జీవితంలో ఆ హామీ ఎవరూ ఇవ్వరు. ఈ చిత్రం ఆ హామీ ఇవ్వలేదు కాబట్టే ఇరవై ఏళ్లు దాటినా పాఠంగా నిలిచింది.

9. సారాంశం

‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ నేర పరిశోధన చిత్రాల చట్రంలోనే మొదలై, హంతకుడు ఎవరన్న ప్రశ్ననుంచి, మనం ఎలా చూస్తున్నామన్న ప్రశ్నకు ప్రేక్షకుణ్ని నడిపిస్తుంది. కంటిమీద నమ్మకం, కాగితంమీద నమ్మకం రెండూ ఇందులో విఫలమవుతాయి. చిత్రహింస సాక్ష్యాన్ని నాశనం చేస్తుందని క్వాంగ్-హో ఉదంతం నిరూపిస్తుంది. సైనిక పాలన నాటి కొరియా కథకు నేపథ్యం మాత్రమే కాదు, కారణాల్లో ఒకటి. స్త్రీపాత్రల చిత్రణలో పరిమితులున్నాయి. 2019, 2020 సంవత్సరాల్లో వెలుగుచూసిన వాస్తవాలు చిత్రం లేవనెత్తిన ప్రశ్నలకు మరింత బలం చేకూర్చాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
1. దీపాలు ఆరిపోయే సన్నివేశం ఆనాటి ప్రభుత్వం గురించి ఏమి సూచిస్తుంది?
2. చివరి దృశ్యంలో డూ-మాన్ కెమెరాలోకి చూడడంలోని అంతరార్థం ఏమిటి?

మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. నేర పరిశోధన చిత్రంగా ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ విశిష్టతను వివరించండి.
2. చిత్రహింస పరిశోధనకు ఎలా అడ్డంకి అవుతుందో చిత్రం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. క్వీ-ఓక్ పాత్ర ప్రాధాన్యం.
2. పాదముద్ర చెరిగిపోయే సన్నివేశంలో దృశ్యరచన.

అభ్యాసం: మీరు ఈ మధ్య చూసిన ఒక నేర పరిశోధన చిత్రాన్ని తీసుకోండి. అందులో మీరు ఎవరిని, ఏ క్షణంలో, ఏ ఆధారంతో నేరస్థుడిగా నమ్మారో నిజాయితీగా రాయండి. ఆ ఆధారం కోర్టులో నిలుస్తుందా? రాసినదాన్ని సంపర్క తరగతికి తీసుకురండి. అక్కడ చర్చించుకోవచ్చు.